వద్దన్న ఎర్రసూది

నా మొక్కు వల్లే తెలంగాణ వచ్చిందని మా ఊళ్ళో ఇద్దరు ముగ్గురు ఇప్పటికీ అంటారు. వాళ్ళతో వాదించడం మానేశాను. రాష్ట్రం వచ్చింది, నా కాళ్ళు కూడా ముప్పాతిక వంతు తిరిగొచ్చాయి. ఈ రెంటికీ ఏ సంబంధమూ లేదు. రాసి పెట్టుకుంటే నా మనసు కాస్త కుదుటపడుతుందనీ, నాలాంటి తెలివితక్కువ మనిషి ఇంకెక్కడైనా ఉంటే మేలుకుంటుందనీ ఇది రాస్తున్నాను.

నా పేరు సరోజన. కొడకండ్ల పక్క ఊళ్ళో అంగన్‌వాడీ టీచర్ని. పిల్లలకు పాటలు నేర్పడం, గర్భిణులకూ బాలింతలకూ ఏం తినాలో చెప్పడం, గుడ్లు ఉడికించి ఒలిచి పెట్టడం నా పని. మా కేంద్రం గోడకు గుడ్డు, పాలు, ఆకుకూరల బొమ్మలున్న పెద్ద చార్టు వేలాడుతూ ఉంటుంది. దాని కిందే కుర్చీ వేసుకుని ఏళ్ళ తరబడి ఉపన్యాసాలిచ్చాను. తిండి లోపం జబ్బు కూడా ఆ చార్టు కింద కూర్చునే తెచ్చుకున్నాను.

2009, చలికాలం

కొడకండ్లలో దీక్షా శిబిరం టెంటు వేశారు. రోజుకో పది మంది నిరాహారంగా కూర్చోవడం, మిగతా వాళ్ళం చుట్టూ చేరి పాటలు పాడటం. ఆ టెంటుకు పెద్ద సుధాకర్. అంతకు ముందు రోడ్ల కాంట్రాక్టులు చేసేవాడు, ఉద్యమం వచ్చాక ఉపన్యాసాల కాంట్రాక్టు పట్టాడు. ఒకరోజు మైకు ముందుకొచ్చి ఒక్కొక్కరే మొక్కులు మొక్కడం మొదలుపెట్టారు. తెలంగాణ వచ్చేదాకా గడ్డం గీయించుకోనని ఒకడు, చెప్పులు తొడగనని ఇంకొకడు. నేనూ లేచి వెళ్ళాను.

నేను నోరు తెరవకముందే సుధాకర్ మైకు అందుకున్నాడు. "ఆడోళ్ళ మొక్కులు మనకెర్కలేదా? గివ్వాల మొక్కుతరు, రేపు మర్సిపోతరు."

టెంటంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"తెలంగాణ వచ్చేదాక నీసు ముట్ట," అన్నాను. మాంసం, చేప తిననని అర్థం.

"గుడ్డో?"

"గుడ్డు గూడ ముట్ట."

"మరి పాలు, పెరుగు?"

"గవ్వి గూడ ముట్ట, పో."

చప్పట్లు మోగాయి. ఉద్యమం మీద నాకు ప్రేమ లేదని కాదు. కానీ ఆ చివరి రెండూ ఉద్యమం కోసం మొక్కినవి కావు, సుధాకర్ మొహం మీద కొట్టడానికి మొక్కినవి. వాడి మొహానికి ఏమీ కాలేదు.

ఆ నెలలోనే రాష్ట్రం ఇస్తున్నామన్న మాట వచ్చింది. మా ఆయన దుర్గయ్య కోడిని కోయడానికి కత్తి నూరాడు కూడా. కత్తి పదును తగ్గకముందే ఆ మాట వెనక్కి పోయింది. కోడి బతికిపోయింది, నా మొక్కూ బతికింది. గడ్డం మొక్కినవాడు బావమరిది పెళ్ళికి నున్నగా గీయించుకుని వచ్చాడు. చెప్పులు మొక్కినవాడు ఎండలు ముదరగానే బూట్లకు మారాడు, బూట్లు చెప్పులు కావట. నేను మాత్రం వాళ్ళను చూసి నవ్వుకుంటూ పచ్చిపులుసు అన్నం తిన్నాను.

2011, ఎండాకాలం

మొదట పోయింది నాలుక. కారం తగిలితే మండిపోయేది. అద్దంలో చూసుకుంటే ఎర్రగా, నున్నగా, ఎవరో గీకినట్టు ఉంది. తర్వాత ఒంట్లో సత్తువ పోయింది. ఇంటి నుంచి కేంద్రానికి నడిచే ఆ కాస్త దూరంలో రెండుచోట్ల ఆగేదాన్ని. పిల్లల పేర్లు పిలుస్తూ మధ్యలో మరిచిపోయేదాన్ని. ఎండాకాలం కదా అనుకున్నాను. కడుపులో మంటకు చాలా ఏళ్ళుగా రోజూ పొద్దున ఒక గ్యాస్ గోలీ వేసుకునే అలవాటుంది. దాన్ని రెండు చేశాను. ఎవరిని అడిగి? ఎవరినీ అడగలేదు, నేను టీచర్ని కదా.

మా ఊరికి ఒక ఆర్ఎంపీ ఉన్నాడు, నర్సింలు. పదో తరగతి దాటలేదు. వరంగల్‌లో ఒక డాక్టరు దగ్గర సూదులు కడిగి, అందించి, ఆ తర్వాత తానే సంచి తగిలించుకుని మా ఊరికి వచ్చేశాడు. జ్వరమొచ్చినా, నడుం పట్టినా, కోడలు అన్నం మానేసినా అతని దగ్గర ఉన్నది ఒకటే మందు, ఎర్రసూది. బలానికి అంటాడు. ఆ సూది రంగు నీళ్ళని నేను కేంద్రంలో ఆడవాళ్ళందరికీ చెప్పేదాన్ని. నాకు లోకంలో అందరికంటే చులకన అయిన మనిషి అతనే.

ఒకరోజు బండి ఆపి నా మొహం చూశాడు. "అక్క, మొఖం తెల్లగ పాలిపోయింది. జర ఎర్రసూది ఎయ్యనా?"

"నీ రంగు నీళ్ళు బర్రెలకెయ్యి నర్సింలూ," అన్నాను.

నవ్వి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఎప్పుడు ఎదురుపడ్డా అదే అడిగేవాడు. నేనూ అదే జవాబిచ్చేదాన్ని. పక్కనున్న వాళ్ళు నవ్వితే నాకు తృప్తిగా ఉండేది.

2011, సమ్మె రోజులు

ఆ ఏడాది వానలు వెనకబట్టాక తెలంగాణ కోసం అందరూ సమ్మెకు దిగారు. బస్సులు ఆగాయి, బళ్ళు మూతపడ్డాయి. నన్ను రోజూ టెంటులో ముందు వరుసలో కూర్చోబెట్టేవాళ్ళు. "రెండేండ్ల సంది గుడ్డు సుత ముట్టని తల్లి" అని సుధాకర్ మైకులో చూపించేవాడు. శాలువాలు కప్పారు. ఆ శాలువాలు కప్పుకున్నా చలి పుట్టేది, రక్తం లేక.

కాళ్ళు తిమ్మిరెక్కడం అక్కడే మొదలైంది. చాప మీద కూర్చోవడం వల్లనుకున్నాను. లేచాక కూడా పోలేదు. ఒకరోజు ఊరేగింపులో నడిచి ఇంటికొస్తే మా అత్త నా కాళ్ళ వైపు చూసి, "ఒక కాలి చెప్పు ఏది పిల్లా?" అంది. ఒక కాలి చెప్పు ఎక్కడో జారిపోయింది. ఎక్కడ జారిందో నాకు తెలియదు. కింద కంకర గుచ్చుకుని అరికాలు చీరుకుపోయి ఉంది, అదీ తెలియదు.

ఆ వారమే ఇంకొకటి జరిగింది. మొహానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకున్నాను. అంతే, పక్కకు ఒరిగి తొట్టి మీద పడ్డాను. కళ్ళు తెరిచి ఉంటే నిలబడతాను, మూస్తే పడతాను. రెండు మూడుసార్లు గోడ పట్టుకుని పరీక్ష చేసుకున్నాను. ఆ రోజు మొదటిసారి గట్టిగా భయమేసింది. ఎవరికీ చెప్పలేదు.

వేళ్ళు కూడా మొద్దుబారాయి. సమ్మె అయ్యాక కేంద్రంలో నేను ఒలిచిన గుడ్డు తింటూ ఒక పాప మొహం చిట్లించి పెంకు ముక్క ఉమ్మేసింది. ఇంకో పాప కూడా. ఒలిచేటప్పుడు పెంకు నా వేళ్ళకు తగలడం లేదు. ఆయా నా చేతిలోంచి గిన్నె తీసుకుని తానే ఒలిచింది. నా వంక చూడలేదు, చూడకపోవడమే మేలు చేసింది.

అప్పుడు నాకు అహం కొంచెం దిగింది. నర్సింలును పిలిపించమన్నాను. వచ్చాడు, సంచి విప్పాడు, చిన్న గాజు సీసా తీశాడు. మా అత్త అడ్డం నిలబడింది.

"గా ఎర్రమందు కార్జంతోని జేస్తరట. మొక్కు పోతది." కార్జమంటే మేక కాలేయం, నీసే కదా.

"గట్లెవరు చెప్పిన్రవ్వా?" అన్నాడు నర్సింలు.

"అందరంటరు."

మా ఆయన గడప మీద కూర్చుని తల గోక్కున్నాడు. "ఊరంత మనదిక్కే సూస్తున్నరు సరోజా. రేపు తెలంగాణ రాకపోతె గీ సూది వల్లనే రాలేదంటరు."

ఒక రాష్ట్రం మా ఇంట్లో ఒక సూది మీద ఆగి ఉందని ఆ మనిషి నిజంగానే నమ్మాడు. నేను? నమ్మలేదు. కానీ సుధాకర్ నవ్వు గుర్తొచ్చింది. ఆడోళ్ళు రేపు మర్సిపోతరు. "వద్దు, తీస్కపో," అన్నాను. నర్సింలు సీసా మళ్ళీ సంచిలో పెట్టుకున్నాడు.

2012, దవాఖానల చుట్టూ

సంక్రాంతి తర్వాత జనగామలో ఒక ప్రైవేటు దవాఖానకు వెళ్ళాం. పొద్దున వెళ్తే మధ్యాహ్నం దాటాక పిలిచారు. డాక్టరు ఫోన్లో మాట్లాడుతూనే నా వీపు మీద ఒకసారి తట్టాడు. ఎక్స్‌రే ఫోటో తీయించాడు, వెన్నుపూస అరిగిందన్నాడు, నడుముకు బెల్టు రాశాడు. అరగని వెన్నుపూస ఆ దవాఖానలో ఒక్కరికీ లేదు. బెంచీ మీద కూర్చున్న అందరి చేతుల్లోనూ అదే బెల్టు.

బెల్టు కట్టుకుని రెండు నెలలు గడిపాను. నడక ఇంకా పాడైంది. కాలు ఎక్కడ పడుతోందో చూసుకుంటే తప్ప అడుగు వేయలేను. చీకట్లో అసలు నడవలేను. పొద్దుగూకేలోపు మంచం ఎక్కేదాన్ని. దుర్గయ్య పత్తి చేను వదిలి నా వెంట తిరగాల్సి వచ్చింది, ఆ విసుగంతా నా మీదే చూపించేవాడు. అత్త వంట చేసి నా ముందు పెట్టి మూతి తిప్పుకునేది.

తొర్రూరు మీదుగా బస్సులో మహబూబాబాద్ వెళ్ళాం. అక్కడ నరాల డాక్టరట, పెద్ద పేరట. ఆయన నన్ను అడగాల్సినవన్నీ మా ఆయనను అడిగాడు. "ఇంట్లో గొడవలున్నాయా? అత్తాకోడళ్ళకు పడదా?" అని. చివరికి ఇది మనసు జబ్బన్నాడు, నిద్రకు గోలీలు రాశాడు. ఇన్ని చదువులు చదివి ఈ మనిషి తెలుసుకున్నది, ఆడదాని కాళ్ళు తడబడితే అత్త కారణమని.

ఆ దవాఖానలో ఒక్కటే మంచి సంగతి. నన్ను లోపలికి పిలిచినప్పుడు లేచాను, కాలు చెప్పులోకి దూరడం లేదు. చెప్పు ఎక్కడుందో కాలికి తెలియదు. జనం చూస్తున్నారు. నా పక్కన కూర్చున్న ముసలి లంబాడీ అవ్వ కిందికి వంగి, నా పాదం రెండు చేతులతో పట్టుకుని చెప్పులో పెట్టింది. "పో బిడ్డా, పిలుస్తున్నరు," అంది. ఆమెకు నేనెవరో తెలియదు, నా మొక్కూ తెలియదు. శాలువాలు కప్పిన వాళ్ళెవరూ నా పాదం వైపు చూడలేదు.

2012, వానాకాలం, భూపాలపల్లి

మా బిడ్డ మమత భూపాలపల్లిలో ఉంటుంది. అల్లుడు చెల్పూర్ కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు కార్మికుడు. వానలు పడ్డాక ఒకరోజు మమత వచ్చి నా నడక చూసింది. చూసి, తండ్రిని పట్టుకుని ఏడ్చింది, ఆ వెంటనే తిట్టింది.

"మొక్కు మొక్కు అనుకుంట అమ్మను మంచంల పండబెడుతున్రు. నేను తీస్కపోత."

అక్కడ సర్కారు దవాఖానలో చీటీ వరుస గేటు దాకా ఉంది. చెక్క బెంచీ మీద గోడకు ఆనుకుని కూర్చున్నాను. డాక్టరమ్మ చిన్న వయసుది, తలకు నల్ల గుడ్డ చుట్టుకుంది. సర్కారు డాక్టరు, అదీ పిల్ల డాక్టరు, ఈమెకేం తెలుస్తుందిలే అనుకున్నాను. అప్పటికీ నాకు బుద్ధి రాలేదు.

ఆమె నా ఫోటోలు పక్కన పెట్టింది. "అమ్మా, నాలుక సూపియ్యి."

ఏడాదిన్నరలో నా నాలుక చూస్తానన్న మొదటి మనిషి ఆమె. చూసింది. రెండు పాయల ఇనుప కడ్డీని బల్లకు కొట్టి, అది అదురుతుండగానే నా చీలమండ మీద ఆనించింది. "ఏమన్న అదిరినట్లున్నదా?" లేదన్నాను. దాన్నే నుదుటి మీద ఆనిస్తే జుమ్మని మోగింది. నా కళ్ళు మూయించి బొటనవేలు పట్టుకుని పైకా కిందికా అని అడిగింది. మూడుసార్లూ తప్పు చెప్పాను.

"ఏం తింటవ్?"

అంత చిన్న ప్రశ్న. జనగామలో అడగలేదు, మహబూబాబాద్‌లో అడగలేదు. నేను తలొంచుకున్నాను. మమతే మొక్కు సంగతి చెప్పింది, గ్యాస్ గోలీల సంగతి కూడా.

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "బీ పన్నెండు అని ఒక విటమిన్ ఉంటది. మాంసం, గుడ్డు, పాలల్లనే దొరుకుతది. తినుడు నువ్వు బంద్ జేసినవ్, ఒంటికి పట్టుడు గా గోలీ తగ్గించింది. నెత్తురు పల్సబడ్డది, నరాలు ఎండుతున్నయ్. ఇంకో ఆర్నెల్లు గిట్లనే ఉంటె మంచం దిగకపోదువు."

"మల్ల నడుస్తనా మేడం?"

"నడుస్తవ్. మొత్తం తిరిగొస్తదని మాత్రం చెప్పలేను." చీటీ రాస్తూ ఆగింది. "ఇంకోటి. పాలిచ్చే తల్లి గిట్ల మొక్కితే పొత్తిళ్ళల్ల పిల్ల గూడ వాడిపోతది. మీ దిక్కు ఎవరన్న ఉంటె చెప్పు." నెత్తురు పరీక్షకు పంపి, ఫలితం కోసం ఆగకుండా ఆ రోజే సూది మొదలుపెట్టింది.

నర్సు సూది పట్టుకొచ్చింది. చిన్న గాజు సీసా. లోపల మందు ఎర్రగా ఉంది.

నర్సింలు సంచిలోంచి తీసిన సీసా లాంటిదే. "గిది కార్జంతోని జేస్తరా?" అని అడిగాను.

డాక్టరమ్మ నవ్వింది. "ఒకప్పుడు కార్జంతోనే. ఇప్పుడు ఫ్యాక్టరీల జేస్తున్నరు. నీ మొక్కు భద్రం."

గది బయటికొచ్చాక గోడకు ఆనుకుని ఏడ్చాను. రోగం దొరికిందని కాదు. నేను అంత చులకన చేసిన ఆ నర్సింలు, ఏమీ తెలియకుండానే, గుడ్డెద్దు చేలో పడ్డట్టు, నాకు కావలసిన మందునే పట్టుకుని ఏడాది పాటు నా చుట్టూ తిరిగాడని.

ఆ తర్వాత

వారం రోజులు అక్కడే రోజూ సూది వేయించుకున్నాను. పరీక్షలోనూ డాక్టరమ్మ చెప్పిందే తేలింది. తర్వాత వారానికొకటి. దానికోసం భూపాలపల్లి దాకా తిరగలేను. మా ఊళ్ళో సూది వేసేది ఒక్కడే.

నర్సింలు చీటీ అటూ ఇటూ తిప్పి చదివాడు. సీసా చూశాడు. నన్ను చూశాడు. ఎగతాళి చేస్తాడని కాచుకుని కూర్చున్నాను.

"ఎర్రసూది ఎయ్యనా అక్క?" అన్నాడు, ఎప్పటిలాగే.

"ఎయ్యి," అన్నాను.

అతను డాక్టరు కాదని ఇప్పటికీ అంటాను. జ్వరానికీ అదే వేస్తాడు, పాము కరిచినా అదే వేస్తాడేమో. అయినా ఆ రోజు అతను ఇంకొక్క మాట అనకపోవడం నేను మరిచిపోలేదు.

గుడ్డు సంగతి తేల్చింది మా అత్త. అదే అత్త. పొద్దున్నే ఉడికించి, ఒలిచి, ఉప్పు చల్లి నా ముందు పెట్టింది. "తిను. నువ్వు పండుకుంటె తెలంగాణ రాదు." దుర్గయ్య తలుపు దగ్గరికి వేశాడు. "ఇంట్ల తిను, బయట చెప్పకు," అన్నాడు. నేనూ సరేనన్నాను. అలా మొక్కు తలుపు వెనక పోయింది, పేరు మాత్రం ఊళ్ళో ఉండిపోయింది.

కాళ్ళు బాగుపడుతుంటే మంటగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు. నెలన్నర పాటు అరికాళ్ళలో నిప్పులు పోసినట్టే ఉంది. ఆ తర్వాత గోడ వదిలి నడిచాను. చలికాలానికి మళ్ళీ కేంద్రానికి వెళ్ళాను.

అక్కడ కవిత కనబడింది. మా వీధి పిల్ల, చంకలో ఐదు నెలల బిడ్డ. ఆమె వాటా గుడ్డు ఇస్తే తీసుకోలేదు.

"నేను గూడ నీ లెక్కనే మొక్కిన టీచర్. గుడ్డు, పాలు అన్ని బంద్. కడుపుల పిల్ల పడ్డప్పటి సంది."

గర్వంగా చెప్పింది. నేను ఒళ్ళోకి తీసుకుంటే ఆ పాప మెడ నిలబెట్టడం లేదు. నవ్వడం లేదు. డాక్టరమ్మ మాట గుండెలో గుచ్చుకుంది. ఇంటి గుట్టు ఇంట్లోనే అంటూ నేను దాచిన సంగతి ఈ పిల్ల మీదికొచ్చింది. ఆ మధ్యాహ్నమే బిడ్డను తీసుకుని భూపాలపల్లి వెళ్ళమన్నాను, మమతకు ఫోన్ చేశాను. "టెంట్ల సభైనంక పోత," అంది కవిత. తినమంటే మాత్రం, "నువ్వు తింటలేవు కదా?" అని నన్నే అడిగింది.

మర్నాడే సభ. మొక్కుకు మూడేళ్ళు నిండాయని సుధాకర్ ఏర్పాటు చేశాడు. నన్ను స్టేజీ ఎక్కించాడు. "మంచం పట్టిన తల్లి. డాక్టర్లు చేతులెత్తేసిన్రు. దీక్షా బలంతోని లేసి నిలబడ్డది!" అని మైకులో అరిచాడు. చప్పట్లు. శాలువా. మూడో వరుసలో కవిత, ఒళ్ళో పాప తల పక్కకు వాలి ఉంది.

నేను మైకు లాక్కున్నాను.

"నన్ను లేపింది దీక్ష కాదు. నన్ను పండబెట్టింది దీక్ష. నర్సింలు ఏసిన ఎర్రసూది, మా అత్త పెట్టిన గుడ్డు నన్ను లేపినయ్. వానాకాలం సంది రోజు తింటున్న. దాచుడు నా తప్పు. నన్ను జూసి మొక్కినోళ్ళెవరున్నా గివ్వాల్నే ఇడిసిపెట్టున్రి. తెలంగాణకు మనుషులు గావాలె, ఎండిపోయిన నరాలు గాదు."

ఎవరో ద్రోహి అన్నారు. ఎవరో కుర్చీ తన్నారు. సుధాకర్ శాలువా వెనక్కి ఇమ్మని చెయ్యి చాపాడు, నవ్వొచ్చింది, ఇచ్చేశాను. దిగేటప్పుడు మెట్లు ఒక్కొక్కటే చూసుకుంటూ దిగాను. నా బొటనవేళ్ళు ఇప్పటికీ నాకేమీ చెప్పవు, కళ్ళే చెప్పాలి. కింద దుర్గయ్య నిలబడి ఉన్నాడు. తిడతాడనుకున్నాను. మోచెయ్యి పట్టుకున్నాడు.

ఆ పొద్దే, నా ఫోను అందుకుని వచ్చిన మమత కవితనూ పాపనూ భూపాలపల్లి బస్సెక్కించుకుపోయింది. మూడు వారాలకు తిరిగొచ్చారు. కవిత కేంద్రం గడప దగ్గర నిలబడింది, లోపలికి రావడానికి సిగ్గుపడుతూ. చంకలో పాప తల నిలబెట్టి గోడ మీద చార్టు వైపు చూస్తోంది. కవిత చెయ్యి చాపింది.

గిన్నెలోంచి ఒక గుడ్డు తీసి ఒలిచాను. చిన్న పెంకు ముక్క వేలికి తగిలింది. తీసేసి ఆమె చేతిలో పెట్టాను, నా ముందే తినమన్నాను.